చెవులపిల్లి పురుడు

మా అత్త కాలి బొటనవేలు కొరికిన రోజుతో ఆ చెవులపిల్లికి, అదే మా కుందేలుకు, ఇంట్లో నూకలు చెల్లాయనే అనుకున్నాం. రక్తం పెద్దగా రాలేదు. అయినా అత్త వరండాలో కుర్చీ వేసుకొని, కాలు స్టూలు మీద చాపి, నా చేత పసుపు అద్దించుకుంటూ, పూతలపట్టులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

"అబ్బోడా, మామిడికాయల లోడు తిరపతికి ఎప్పుడు తోలతావురా? వచ్చేటప్పుడు మూతుండే గంప ఒకటి తీసుకోని రా. ఈడొక చెవులపిల్లి ఉండాది. కరస్తాండాది. ఎత్తకపో."

ఆ తమ్ముడు, అంటే మా ఆయన మేనమామ, దాన్ని తోటలో వదిలేస్తానన్నాడట. గడ్డి మేసుకుంటూ హాయిగా ఉంటుందట. ఆయన తోటలో కుక్కలున్నాయి. ఆదివారం కూర లేనిదే ముద్ద ఎత్తని మనుషులున్నారు. అక్కడికి పోయిన చెవులపిల్లి ఎన్నాళ్ళు గడ్డి మేస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన పేపరు వెనక నుంచి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే అది నాది. ఏర్పేడు దగ్గర పెద్ద కాలేజీలో చదివే అమ్మాయి ఒకతె మా మేడ మీద గదిలో అద్దెకుండేది. చదువైపోయి సొంత ఊరికి వెళ్తూ, "రైల్లో తీసుకుపోలేను ఆంటీ, మీరైతే బాగా చూసుకుంటారు" అని నా చేతుల్లో పెట్టిపోయింది. అప్పటికది నా అరచేతిలో పట్టేది. బూడిద రంగు ఒళ్ళు, ముక్కు మీద తెల్లటి చుక్క. నేను ఒక ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరుని. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. మా పిల్లలిద్దరూ హాస్టళ్ళకు పోయాక ఇంట్లో అరవడానికి మనుషులు లేక ఆ కోపమంతా బళ్ళో పిల్లల మీదే ఖర్చు చేసేదాన్ని. సాయంత్రం గొంతు బొంగురు పోయి ఇంటికొస్తే, అది ఒళ్ళోకెక్కి పళ్ళు సన్నగా నూరుకుంటూ పడుకునేది. సంతోషమైతే కుందేళ్ళు అట్లా నూరుకుంటాయట. అది లేస్తుందేమోనని నేను మెల్లగా మాట్లాడేదాన్ని. నా చేత గొంతు తగ్గించి మాట్లాడించిన ప్రాణి ఈ లోకంలో అదొక్కటే.

దాన్ని ఉంచింది ముందు వరండాలో, తలుపున్న చెక్కపెట్టెలో. అక్కడే వచ్చింది చిక్కు. పదహారేళ్ళ కాపురంలో నాకూ మా అత్తకూ నోటితో అనుకోని ఒప్పందం ఒకటుంది: వంటిల్లు నాది, వరండా ఆమెది. చంద్రగిరిలో మామగారితో పాటు కిరాణా అంగడి నడిపిన మనిషి. ఆయన పోయాక మా దగ్గరికి వచ్చేసి, అంగట్లో గల్లా దగ్గర కూర్చున్నట్టే వరండాలో కూర్చునేది. ఆకుకూర వలిచేది అక్కడే, దారిన పోయేవాళ్ళను పలకరించేది అక్కడే. నా కూరలో ఉప్పు గురించి ఆమె మాట్లాడదు, ఆమె వరండాలో చెప్పు విడిచే చోటు గురించి నేను మాట్లాడను. అట్లాంటి చోట మూడోదాన్ని తెచ్చిపెట్టాను. చిన్నప్పుడు ముద్దుగా ఉంది కాబట్టి ఆమె ఊరుకుంది.

చలికాలం పోయేసరికి ఆ ముద్దంతా ఏమైందో తెలియదు. గిన్నెలో గరిక పెట్టబోతే గుర్రుమని ముందుకాళ్ళతో నా చెయ్యి మీద కొట్టడం మొదలుపెట్టింది. కుందేలు గుర్రుమంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నడిచేవాళ్ళ పాదాల చుట్టూ గిరగిరా తిరిగేది. వెనక కాళ్ళతో నేలను దబ్బుమని కొడితే వంటింట్లోకి వినపడేది. మూలమూలల్లో ఒంటేలు పోసేది. కుర్చీ కాళ్ళకు, గ్రిల్లు కమ్మీలకు, అత్త చెప్పులకు, చివరకు నీళ్ళ క్యానుకు కూడా గెడ్డం రుద్దుకుంటూ తిరిగేది. దురదేమోనని కొబ్బరినూనె రాయబోయాను. చెయ్యి గీరింది.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆమె బల్ల మీద పెట్టి చూసి, "ఏం లేదు మేడం, పెద్దమనిషైంది" అంది. మా ఆయన పక్కనుండి, "పందిరేసి అందరినీ పిలవాల్నా అయితే?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది గానీ తర్వాత ఓపిగ్గా చెప్పింది. దాని గెడ్డం కింద వాసన పుట్టే గ్రంథులుంటాయి. మన ముక్కుకు అందని వాసన. దేనికి రుద్దితే అది తనదని గుర్తు. ఒంట్లో హార్మోన్లు ఎగసేసరికి దానికిప్పుడు సొంత చోటు కావాలి, గూడు కావాలి. పైనుంచి చెయ్యి వస్తే గద్ద వచ్చిందనుకుంటుంది, పక్కనుంచి పెట్టండి. పెట్టె శుభ్రం చేసేటప్పుడు దాన్ని బయటికి పోనివ్వండి. ఒంటేలు ట్రేలో పాత గడ్డి కొంచెం వదిలి మిగతాది మార్చండి. అరవకండి, అరిస్తే ఇంకా భయపడుతుంది. గర్భసంచి తీయించేస్తే ఈ కోపాలు చాలావరకు తగ్గుతాయి, వయసు మీదపడ్డాక అక్కడ వచ్చే జబ్బులూ తప్పుతాయి. కాని కుందేలుకు మత్తివ్వడం చెయ్యి తిరిగినవాళ్ళు చేయాల్సిన పని, ఒక్కోసారి మత్తులోనే పోతుంది. తాను చేయనని, మద్రాసుకు తీసుకుపొమ్మని చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే అత్త, "చెవులపిల్లికి మద్రాసులో ఆపరేషనా? మాకు కాన్పులే ఇంట్లో అయినాయి" అంది. ఆ మాటతో ఆ సంగతి అయిపోయింది.

డాక్టరమ్మ చెప్పినవన్నీ చేశాను. గిన్నె పక్కనుంచి పెట్టాను. అరవడం మానేశాను, అంటే దాని మీద. నాతో కాస్త నయమే. అత్తతో మాత్రం రోజురోజుకీ ముదిరింది. నిజం చెప్పాలంటే పొద్దున పూట ఆ ఇద్దరినీ చూడడానికి మా ఆయన కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడేవాడు.

మా అత్తకు వరండా కడగనిదే తెల్లవారదు. తెల్లారకముందే బకెట్లో ఫినాయిలు కలిపి, చీపురుతో చెవులపిల్లిని పెట్టెలోకి తరిమి, తలుపేసి, వరండా ఆ మూల నుంచి ఈ మూలకు కడిగేది. కుర్చీ కాళ్ళు తుడిచేది. గ్రిల్లు కమ్మీలు, చెక్కపెట్టె గోడలు తడిగుడ్డతో తుడిచేది. శుక్రవారమైతే పసుపునీళ్ళు. తర్వాత గేటు బయట ముగ్గు, గడప ముందు చిన్న ముగ్గు. అప్పుడు పెట్టె తలుపు తీసేది. తీయగానే అది బాణంలా బయటికొచ్చి, కడిగిన నేల వాసన చూసి, పిచ్చెత్తినట్టు కాళ్ళు కొట్టుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తేది. కమ్మీ కమ్మీకీ గెడ్డం రుద్దేది. మూలల్లో పోసేది. "ఇప్పుడే గదా కడిగినా, సూడు దీని పొగరు" అని అత్త మళ్ళీ బకెట్ ఎత్తేది. చీపురు మీదికి, ఆ పైన కాళ్ళ మీదికి అది ఎగబడేది. ఒకరికొకరు తగ్గితే కదా. అట్లాంటి ఒక పొద్దునే బొటనవేలు కొరికింది.

పూతలపట్టు మామ ఇంకా రాలేదు. కాయలు పక్వానికి రాలేదని, లోడు ఆలస్యమవుతుందని ఫోన్లో చెబుతూ వచ్చాడు. ఫోన్ మోగినప్పుడల్లా గరిటె వదిలేసి వచ్చి వినేదాన్ని. దాన్ని ఎవరికైనా ఇద్దామని బళ్ళో టీచర్లందరినీ అడిగాను. కరుస్తుందని తెలిశాక ఒక్కరూ ముందుకు రాలేదు.

ఒక పొద్దున పాలప్యాకెట్లు తీసుకోవడానికి నేనే ముందుగా తలుపు తీశాను. చెవులపిల్లి నోటినిండా ఎండుగడ్డి అడ్డంగా కరుచుకొని నిలబడి ఉంది. పెద్ద మీసాలు మొలిచినట్టుంది. నన్ను చూసింది గాని లెక్కచేయలేదు. చెక్కపెట్టెలోకి పోయి గడ్డి దించి, మళ్ళీ వచ్చి, మళ్ళీ కరుచుకొని పోయింది. ఆ నడకలో ఎంత తొందరో. లోపల ముందుకాళ్ళతో గడ్డిని తొక్కి, గుంట చేసి, మూతితో అంచులు సర్దింది. ఆ తర్వాత అది చేసిన పని చూస్తూ నేను గడప మీదే కూర్చుండిపోయాను.

తల వంచి తన రొమ్ము మీది బొచ్చును పళ్ళతో పట్టి పీక్కుంది. ఒక కుచ్చు. దాన్ని గుంటలో పరిచింది. మళ్ళీ వంగింది, ఇంకో కుచ్చు. పొట్ట మీద, పక్కల మీద. మూలుగు లేదు, ఆగడం లేదు. కాసేపటికి గెడ్డం కింద గులాబీ రంగు చర్మం బయటపడింది. అక్కడక్కడ చిన్న ఎర్రటి చుక్కలు. నేను పుట్టింది తిరుపతిలో. మొక్కుకొని జుట్టిచ్చే మనుషులను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని. వాళ్ళకు మొక్కు ఉంటుంది, దేవుడుంటాడు. దీనికి ఏముంది? కళ్ళు తెరిచిన కొత్తలోనే తల్లి దగ్గర నుంచి తెచ్చి అంగట్లో అమ్మేశారు. అక్కడి నుంచి అద్దె గదికి, అద్దె గది నుంచి మా వరండాకి. ఇంకో కుందేలు గూడు కట్టడం దాని జన్మలో చూడలేదు. చలికి పిల్లలు వణుకుతాయని, తన ఒంటి వెచ్చదనమే వాటికి పరుపు కావాలని, ఎవరు చెప్పారు దీనికి? నాకు భయం లాంటిది వేసింది. ఇన్నాళ్ళూ ఒళ్ళో పెట్టుకొని బుజ్జగించిన దాని లోపల ఇంత పాతది ఒకటి ఉందని నాకు తెలియనే తెలియదు.

నీళ్ళు తాగడానికి అది పక్కకు పోయినప్పుడు గూట్లోకి రెండు వేళ్ళు పెట్టి చూశాను. లోపల వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచిపోయిన పక్కలాగా.

అప్పుడే అత్త బకెట్, చీపురుతో వచ్చింది. నేను గూటి వైపు చూపించాను. ఆమె వంగి చూసింది. చాలాసేపు వంగే ఉంది. తర్వాత బకెట్‌ను చప్పుడు కాకుండా గేటు బయట పెట్టి వచ్చి, "పురిటి ఏర్పాటు చేసుకుంటాండాది. ఈ వరండాలోకి ఎవురూ పోవద్దండి, ఎనకతలుపు నుంచి తిరగండి" అంది.

"కడగవా అత్తా?"

"పురిటింటిని ఎవురన్నా కడగతారా? పురుడెళ్ళినాంక కడగాల."

వరండాలో పురుడు ప్రకటించేసింది మా అత్త. తన పాత నూలు చీర తెచ్చి గ్రిల్లుకు అడ్డంగా కట్టించింది, గాలి తగలకూడదని. పేపరు వేసే అతన్ని గేటు దగ్గరే ఆపేసింది. పత్యం పెట్టాలని వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. కుందేలుకు వెల్లుల్లి విషమని నేను లాక్కుంటే నొచ్చుకుంది. కొత్తిమీర కట్టలు కట్టలుగా తెప్పించి, వరండాలోకి దిగకుండా గడప మీద నుంచే చెయ్యి చాపి పెట్టింది.

నాకు అనుమానం ఉండనే ఉంది, డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మగది లేదు కదా, అయితే ఉత్త కడుపేనని చెప్పింది. కుందేళ్ళలో ఇది మామూలేనట. ఒళ్ళు కడుపొచ్చిందనే నమ్ముతుంది, పాలు కూడా రావచ్చు. రెండు మూడు వారాల్లో దానికదే మరిచిపోతుంది. గూడు మాత్రం తీసేయకండి, తీసేస్తే మళ్ళీ పీక్కుంటుందని హెచ్చరించింది. ఇదంతా అత్తకు చెప్పాను. ఆమె కొత్తిమీర కాడలు తుంపుతూ వింది.

"అంటే పిల్లలు రావు."

"రావత్తా."

తుంపిన కాడలు గిన్నెలో వేసి, "దానికి తెలీదు గదా" అని ఇంకో కట్ట విప్పింది.

వరండా అట్లాగే ఉండిపోయింది. దుమ్ము పేరుకుంది. మూలలు కంపు కొట్టాయి. మా ఆయన ముక్కు మూసుకొని తిరిగాడు. అత్త గేటు బయట మాత్రం ముగ్గేసి, లోపలికి తొంగి చూసి, వెనక్కి వచ్చేసేది. మొదట్లో గూటి దగ్గరికి ఎవరు పోయినా అది గుర్రుమంది. తర్వాత నెమ్మదించింది. పరుగులు ఆగాయి. ఒక పొద్దున కుర్చీ కాలు దగ్గర ఆగి వాసన చూసింది. గెడ్డం రుద్దలేదు, ముందుకు పోయింది. కమ్మీ దగ్గర ఆగి వాసన చూసింది, పోయింది. వరండా అంతా అట్లా ఒక చుట్టు చుట్టి వచ్చి, గడప మీద అత్త కూర్చున్న చోటికి జానెడు దూరంలో వెనక కాళ్ళు బారజాపి పడుకుంది.

నాకు అప్పుడు తట్టింది. రోజూ తెల్లారేసరికి దాని ఇంటిని మేం మాయం చేస్తూ వచ్చాం. రోజంతా కష్టపడి మూలమూలా తనదని రాసుకున్నదాన్ని ఫినాయిలు పోసి తుడిచేసి, పెట్టె తలుపు తీసి, ఇంకెవరిదో ఇంట్లోకి తోసినట్టు తోశాం. దాని కోపం పొగరనుకున్నాం. ఒంటేలు ట్రేలో పాత గడ్డి వదలమని డాక్టరమ్మ చెబితే ట్రేలోనే వదిలాను గాని, నేలను కూడా అది అట్లాగే చూస్తుందని లెక్కలు చెప్పే నా బుర్రకు తట్టలేదు. వరండాను రోజూ కడగని ఇల్లయితే మాకీ తగవే వచ్చేది కాదు.

అత్తతో చెప్పాను. నమ్మదనుకున్నాను. ఆమె గేటు వైపు, తాను అప్పుడే వేసి వచ్చిన ముగ్గు వైపు చూసింది.

"నా ముగ్గును రోజూ ఎవురన్నా కాలితో తుడిసేస్తా ఉంటే నేను మాత్రం ఊరుకుంటానా?" అంది. "ఇంకమీదట సగం ఈ పొద్దు, సగం రేపు కడగతాలే. పెట్టె జోలికి పోను."

ఆ మాట అన్న రెండు రోజులకే మామ దిగాడు. లారీని మార్కెట్లో వదిలి, ఆటోలో గంపతో వచ్చాడు. గంపలో అక్కకోసం తెచ్చిన మామిడికాయలున్నాయి. నేను కాఫీ కలుపుతూ వంటింట్లో నుంచే విన్నాను. పొయ్యి సంగతి మరిచిపోయి పాలు పొంగించాను. ఆమె వరండా, ఆమె తమ్ముడు, ఆమె పిలిస్తేనే వచ్చాడు. నేనేమి అనగలను?

"ఏదక్కా ఆ పిల్లి?" అన్నాడు మామ, కాయలు లోపల హాల్లో నేల మీద పరుస్తూ.

"అది రాదురా. బాలింత."

"పిల్లలేసిందా? ఎన్ని?"

"పిల్లల్లేవు."

మామ అప్పుడే హాల్లోకి వచ్చిన నా వైపు చూశాడు. నేను కాఫీ ఇస్తూ ఉత్త కడుపు సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు. "బాగుండాది కథ. పిల్లలే లేకుంటే బాలింత యాడనుంచి వచ్చిందక్కా? జరుగు, గంపలో ఏసుకోనిపోతా."

అత్త గడప మీద నుంచి జరగలేదు.

"నాకు మొదట పుట్టిన ఆడబిడ్డ ఆ పొద్దే పోయింది. మరిసిపోయినావా? అమ్మ ఏం చేసింది? బిడ్డ లేదు గదా, లేసి పనికి పో అన్నిందా? మంచం కింద కుంపటి పెట్టలా? నా తలకు గుడ్డ కట్టలా? పత్యం వొండి, దగ్గర కూర్సోని తినిపీలా? పదకొండో దినం నీళ్ళు పోసినాంక గదరా నన్ను గడప దాటనిచ్చింది."

మామ నవ్వు ఆగిపోయింది. కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ కుంపట్లోకి బొగ్గులు తెచ్చింది నేనే గదక్కా" అన్నాడు.

గది గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. తనే మొదటి బిడ్డనని నలభై ఎనిమిదేళ్ళుగా అనుకుంటున్న మనిషి. వచ్చి తల్లి పక్కన గడప మీద కూర్చున్నాడు. ఈ మాట ఆమె మా ఎవరితోనూ ఎప్పుడూ చెప్పలేదు. ఒక చెవులపిల్లి కోసం చెప్పింది. నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి పోయి పొయ్యి మీద పొంగిన పాలు తుడిచాను.

మామ ఖాళీ గంప పట్టుకొని గేటు దాటాక అత్త నన్ను పిలిచింది.

"ఏమే, ఆ మద్రాసు డాక్టరు నంబరు కనుక్కో. దీనికి ఇంకోసారి ఇట్ల కాకూడదు."

"మత్తులో ప్రాణం పోవచ్చని చెప్పారత్తా."

"పోవచ్చు. నేనూ వస్తా. నాకు అమ్మ ఉన్నింది. దీనికి ఎవురుండారు?"

మద్రాసులో ఆపరేషన్ అయ్యాక, మత్తు వదిలేదాకా ఎవరూ లోపలికి రాకూడదన్నారు. మా అత్త వినలేదు. అరవం రాని మనిషి, అక్కడి నర్సుతో తెలుగులోనే పోట్లాడి లోపలికి పోయింది. నేను తలుపు అద్దంలో నుంచి చూస్తుండగా, బల్ల పక్కన నిలబడి, తువ్వాల్లో చుట్టిన దాని మూతి పక్కన చెయ్యి పెట్టి, తీయలేదు. చాలాసేపటికి దాని ముక్కు కదిలింది. తర్వాత ఒక కన్ను తెరిచింది. ఎదురుగా ఆ చెయ్యే ఉంది. వాసన చూసి, మూతి దాని మీద పెట్టి, మళ్ళీ కన్ను మూసుకుంది.